మా తోడికోడలు టీవీలో కనబడ్డ ఏడాది

పోయిన నెల ఏలూరులో కంటి ఆసుపత్రికి వెళ్తే కళ్ళలో చుక్కలు వేసి, మళ్ళీ పిలిచేదాకా మూసుకుని కూర్చోమన్నారు. గోడకి టీవీ ఉన్నట్టు లోపలికొస్తూనే గమనించాను గానీ, కళ్ళు మూసుకున్నాక ఇక వినడమొక్కటే మిగిలింది. ఎన్నికల మీద ఏదో చర్చ నడుస్తోంది. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకోవడం, వాళ్ళిద్దరినీ మించి చర్చ నడిపే అబ్బాయి గొంతు లేవడం. మనుషులు కనబడకుండా ఆ గొంతులు మాత్రమే వింటూంటే చేపల వేలంపాట దగ్గర నిలబడ్డట్టనిపించింది. ఇంతలో పక్క కుర్చీలోంచి ఒకావిడ మెల్లగా, "ఏవండీ, అప్పట్లో టీవీలో నాయకుడి చేతికి బురదనీళ్ళ గ్లాసు ఇచ్చినావిడ ఉన్నారు చూడండీ, మీరు ఆవిడ తోడికోడలు కదండీ? మాదీ ఆ పక్కేనండి," అంది. అవునండీ అన్నాను. నాకూ ఒక పేరుందనీ, ఆ ఊరికి నేను వార్డు మెంబరుగా చేశాననీ చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ, లోపల్నుంచి నన్ను పిలిచారు.

ఇరవై ఏళ్ళు దాటినా నేను ఆవిడ తోడికోడలినే. దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పిలాగే వచ్చింది, ఉండిపోయింది, దానితో సర్దుకుని తిరుగుతున్నాను. నా ఈడువాళ్ళు చదువుతారు కాబట్టి దాచుకోకుండా రాస్తున్నాను, మీలో చాలామందికి ఎవరో ఒకరి మీద ఇలాంటిది ఉండే ఉంటుంది.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. నాన్నగారు మిషన్ స్కూల్లో మేష్టారు. ఆదివారం సాయంత్రాలు, ఉల్లిపాయల మార్కెట్టు లారీల హడావుడి తగ్గాక, వీధిలో పిల్లలందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి ఏదో ఒక విషయం మీద మాట్లాడించేవారు. విషయం ఏమిటో ముందు చెప్పాలి, దానికి కారణం చెప్పాలి, ఎదుటివాళ్ళు ఏమంటారో అది కూడా మనమే చెప్పి దానికి జవాబివ్వాలి, అప్పుడు గానీ మనకేం కావాలో అడగకూడదు అనేవారు. అన్నయ్యలకి ఆ విద్య అబ్బలేదు, నాకు అబ్బింది. నేను మాట్లాడుతున్నప్పుడు నాన్నగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని వినేవారు. అంతకంటే గొప్ప మెప్పు నేను ఎరగను.

అక్కణ్ణించి నన్ను కొల్లేటి లంకకి ఇచ్చారు. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం గుక్కెడు ఉండేవి కావు. చేపల చెరువుల నీళ్ళూ, ఎగువ కాలవల మురుగూ కలిసి సరస్సు ఉప్పగా ఉండి పసరు వాసనేసేది. దూరంగా గోదావరి కాలవ పక్కన ఒక మంచినీళ్ళ చెరువు తవ్వి, మోటారు పెట్టి, అక్కణ్ణించి ఒక పైపు వేశారు. ఆ పైపు ముందు పక్క లంకకి వెళ్ళి, దాన్ని దాటి మాకు రావాలి. మోటారేమో చిన్నది. పక్క లంకలో కుళాయిలు కట్టేస్తే గానీ మా కుళాయిలు దగ్గేవి కావు, వచ్చినవి కూడా టీ రంగులో వచ్చేవి. మాకూ ఆ లంక ఆడవాళ్ళకీ కుళాయిల దగ్గర పోట్లాటలు, చర్చిలో పక్కపక్కన కూర్చుని మళ్ళీ సమాధానాలు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పంచాయతీ ఎన్నికలొస్తే మా వార్డు ఆడవాళ్ళకి వచ్చింది. మాట్లాడగలదు కదా అని నన్ను నిలబెట్టారు, నెగ్గాను. ఆ రోజుల్లో గ్రామసభ బడి వరండాలో జరిగేది. ఎవరి గోనెసంచి వాళ్ళు తెచ్చుకుని పరుచుకునేవారు. మా మావగారి అన్నగారు మురుక్కాలవ సంగతి చెప్పడానికి లేచి, ఎప్పుడో చనిపోయిన తన గేదెతో మొదలుపెట్టి, దాని దూడ మీదుగా, ఆ దూడని కొన్న ఉండి ఆసామీ మీదుగా, చివరికి ఎలాగో కాలవ దగ్గరికి చేరేవారు. అందరూ నవ్వుకునేవారే గానీ ఆపేవాళ్ళు కారు. ఆయన చేరేదాకా కూర్చునేవారు. నీళ్ళ గురించి నేను లేచినప్పుడు కూడా అంతే. పెద్ద మోటారు ఎందుకు కావాలో, పక్క లంకని ఎండబెట్టకుండా మనకెలా తెచ్చుకోవచ్చో, రెండూళ్ళకీ కలిపి ఒక ఎత్తు ట్యాంకు కడితే ఎవరికేం లాభమో నాన్నగారు నేర్పిన వరసలో చెబుతూంటే, వరండా చివరున్న ముసలివాళ్ళు కూడా చెవి ఒగ్గేవారు. సోమవారాలు ఏలూరు కలెక్టరాఫీసుకి వెళ్ళి అర్జీలిచ్చేదాన్ని. పని కాలేదు. కాకపోయినా ఊళ్ళో నా మాటకి ఒక విలువుండేది, దాన్ని నేను లోపల్లోపల ఎంతో మురిపెంగా దాచుకునేదాన్ని.

మా మరిది పెళ్ళి అప్పటికి కొన్నేళ్ళ ముందే అయింది. అమ్మాయిది ముదినేపల్లి వైపు, వరి పండించే కుటుంబం, పదో తరగతితో చదువు ఆగింది. మనిషి కంటే ముందు నవ్వు గుమ్మంలోకి వచ్చేది. నన్ను అక్కా అని, మీరు అని గౌరవంగానే పిలిచేది. ఏ మాటైనా పొట్టిగా, గట్టిగా అనేసి తన పనిలో పడిపోయేది. గ్రామసభకి వచ్చేది గానీ ఎన్నడూ నోరు విప్పింది లేదు. నేను మాట్లాడుతూంటే నా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాకు ఆవిణ్ణి చూసి కుళ్ళుకోవలసిన అవసరం ఒక రోజు వస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఉండేదాన్ని.

మీకు గుర్తుండే ఉంటుంది, అంతవరకూ వార్తలంటే సాయంత్రం ఒక్కసారి వచ్చిపోయేవి. అప్పుడే పొద్దస్తమానం వార్తలు చెప్పే చానళ్ళు పుట్టుకొచ్చాయి. మా లంకకి కేబుల్ తీగ చేపల చెరువుల గట్ల మీద కర్రలు పాతుకుంటూ వచ్చింది. మా అత్తయ్యకి సీరియళ్ళు అలవాటయ్యాయి. ఒక్క అత్తయ్యకేమిటి, ఊరంతా అంతే. సాయంత్రం గ్రామసభకి మనుషులు రావడం మానేస్తే మా సర్పంచి గారు సభని పొద్దుటి పూటకి మార్చారు. పొద్దుటైతే చెరువుల పని. అలా పల్చబడింది సభ. మగవాళ్ళేమో వార్తల్లో చూసిందే అరుగుల మీద మళ్ళీ చెప్పుకునేవారు. హైదరాబాదులో ఎవరు ఎవర్ని ఏమన్నారో తెలిసేది, మన పంచాయతీకి ఏ పనికి ఎంత వచ్చిందో అడిగేవాళ్ళు తగ్గారు.

శాసనసభ ఎన్నికలు దగ్గర పడుతున్న రోజుల్లో ఒక చానల్ వాళ్ళు, నాయకుల్నీ అధికారుల్నీ తీసుకొచ్చి జనం ముందు కూర్చోబెట్టే కార్యక్రమం ఒకటి మా లంకలో పెడతామన్నారు. ఏలూరు నుంచి వాళ్ళ విలేకరి వచ్చి, నీళ్ళ గురించి ఎవరు మాట్లాడతారండీ అంటే ఊరు ఊరంతా నా పేరే చెప్పింది. మంగళగిరి నేత చీర ఇస్త్రీ చేయించుకున్నాను. చెప్పదలుచుకున్నది వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ వల్లె వేసుకున్నాను. నాన్నగారికి ఫోన్ చేసి ఆ రోజు టీవీ చూడమని చెప్పాను.

బడి ముందు షామియానా వేశారు. పదవిలో ఉన్న నాయకుడు, నీటి సరఫరా అధికారులు, ఎదుటి పార్టీ ఆయన అందరూ వచ్చారు. చర్చ నడిపే అమ్మాయి నా చేతికి మైకిచ్చింది. నేను కాలవ దగ్గర మొదలుపెట్టాను. మోటారు దాకా వచ్చేసరికి ఆ అమ్మాయి కెమెరాకి కనబడకుండా వేలు గిర్రున తిప్పడం మొదలెట్టింది. నాకు అర్థం కాలేదు.

"మేడమ్, మీకేం కావాలో ఒక్క ముక్కలో చెప్పండి," అంది.

"అది ఒక్క ముక్కలో తేలేది కాదమ్మా. మాకిచ్చేస్తే పక్క లంకకి..." అంటూండగానే మైకు నా చేతిలోంచి వెళ్ళిపోయింది. అమ్మగారు చాలా చక్కగా చెప్పారండీ అన్నాడు నాయకుడు. జనం చప్పట్లు కొట్టారు. అంతే.

అప్పుడు వెనకాల నుంచి మా తోడికోడలు వచ్చింది. అప్పుడే కుళాయి దగ్గర్నుంచి బిందె ఎత్తుకుని వస్తోంది, చంకలో బిందె అలాగే ఉంది, చీర తడిసింది. వల్లె వేసుకున్నదీ లేదు, ఎవరూ పిలిచిందీ లేదు. అధికారుల ముందు పెట్టిన స్టీలు గ్లాసొకటి తీసి, బిందెలో ముంచి, నాయకుడి చేతికిచ్చింది.

"అయ్యా, మా పిల్లలు తాగేవి ఇవేనండి. మీరు ఒక్క గుక్క తాగి బాగున్నాయనండి, మేం ఇంకేం అడగమండి."

ఆయన మర్యాదకొద్దీ అందుకున్నాడు. అందుకున్నాక తెలిసింది ఏం అందుకున్నాడో. తాగలేడు, పారబొయ్యలేడు. కెమెరా ఆయన చెయ్యి వదలదు. పెట్టడానికి చోటు కోసం అటూ ఇటూ చూసి, చివరికి వెనకున్న అధికారికిచ్చాడు. అధికారి పక్క అధికారికిచ్చాడు.

ఆ రాత్రీ, మర్నాడూ ఆ గ్లాసు చేతులు మారడమే చూపించారు. నేను మాట్లాడిన దాంట్లో ఒక్క మాట వెయ్యలేదు. ఆవిడ గ్లాసు ఇస్తున్నప్పుడు వెనకాల, మాట మధ్యలో ఆగిపోయి నోరు సగం తెరిచి ఉన్న నా మొహం మాత్రం ప్రతిసారీ కనబడింది. అత్తయ్య చుట్టాలందరినీ పిలిచి చూపించింది. మా ఆయన కూడా చూసి, "భలే చేసిందిలే," అన్నారు. ఆ ఒక్క మాటకి రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఎన్నికలు రాకముందే లారీల్లో పైపులొచ్చి గట్టు మీద దిగాయి. నా చెప్పులరిగినా రానివి, ఆవిడ చెయ్యి చాస్తే వచ్చాయి. పక్క లంకతో సంబంధం లేకుండా మంచినీళ్ళ చెరువు దగ్గర్నుంచి తిన్నగా మాకే కొత్త లైను వేశారు. ఆ నీళ్ళు నేనూ తాగాను. తియ్యగానే ఉన్నాయి. నాకు మింగుడు పడనిది అదే.

ఏలూరులో బట్టల కొట్టుకి వెళ్తే కొట్టాయన ఆవిణ్ణి గుర్తుపట్టి కుర్చీ వేయించాడు, సోడా తెప్పించాడు. నన్ను ఆవిడతో వచ్చిన మనిషి అనుకుని సంచులు నా వైపు జరిపాడు. అక్కా, మీరు కూర్చోండి అని ఆవిడ లేచి నిలబడింది. ఆ మంచితనం నాకు ఇంకా కారం రాసినట్టుండేది. గూడెం వెళ్తే నాన్నగారు, అప్పటికే చెవులు సరిగ్గా వినబడేవి కావు, "మీ తోడికోడలు ఎంత బాగా అడిగిందమ్మా," అన్నారు. ఆయన కళ్ళజోడు ఒళ్ళో ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు రాలేదు.

ఆ తర్వాత మండల ఎన్నికలొచ్చాయి. మా ప్రాంతం నుంచి నన్ను నిలబెడతామని పార్టీ పెద్దాయన ఎప్పట్నుంచో మా ఆయనతో అంటూండేవాడు. ఆ పెద్దాయన ఇంటికొచ్చి, నేనిచ్చిన టీ తాగి, టీని మెచ్చుకుని, అప్పుడు చెప్పాడు. "అమ్మా, మీరు పెద్దవారు, మీకు తెలియంది కాదండి. చూడగానే జనం గుర్తుపట్టాలండి. చిన్నమ్మగారిదైతే జిల్లా అంతా చూసిన మొహమండి." సరేనండి అన్నాను. ప్రచారంలో ఆవిడ జీపులో నిలబడి దణ్ణాలు పెట్టింది, నేను కింద నడుస్తూ కరపత్రాలు పంచాను. ఆవిడ నెగ్గింది, మండల ప్రెసిడెంటయింది. ఊరంతా సంతోషించింది. నేనూ నవ్వుతూ తిరిగాను గానీ, ఆ నవ్వుకి దవడలు నొప్పి పుట్టేవి.

పక్క లంక ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో పడవెక్కి మా ఊరొచ్చింది ఆవిడ నెగ్గాక వచ్చిన ఎండాకాలంలోనే. ఉన్న మోటారు అదే, నీళ్ళన్నీ కొత్త లైనులోకి లాగేస్తే వాళ్ళ కుళాయిలు ఏటికేడు తగ్గి, ఆ ఎండలకి పూర్తిగా ఎండిపోయాయి. ఆ రోజు షామియానాలో నా నోట్లో ఉండిపోయిన మాట ఇదే. వాళ్ళు ముందు చానల్ విలేకరికే ఫోన్ చేశారట. అక్కడ నీళ్ళ కథ అయిపోయిందండీ, కొత్తదేమన్నా ఉంటే చెప్పండి అన్నాడట. ఊరికి వచ్చిన ఇంకో నాయకుడికి వాళ్ళూ గ్లాసు పట్టుకెళ్ళి ఇచ్చారట, ఎవరూ కెమెరా తేలేదు, ఆయన తాగకుండానే నవ్వేసి వెళ్ళిపోయాడట. వాళ్ళలో పెద్దావిడ మా గుమ్మంలో కూర్చుని నన్నడిగింది, "అమ్మా, మేం ఏం చేసి చూపిస్తే వస్తారండి వాళ్ళు?"

వాళ్ళు వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం మా తోడికోడలు వంటింటి గడపలో వచ్చి కూర్చుంది. మొహంలో ఎప్పటి నవ్వు లేదు.

"అక్కా, ఇంజనీరు గారు లెవెళ్ళనీ, ప్రెషరనీ ఏవేవో చెబుతున్నారు, నాకు ఒక్కటీ తెలీట్లేదు. ఆ రోజు మీరు చెప్పబోయిందంతా నాకు చెప్పండి. పూర్తిగా చెప్పండి."

నిజం చెప్పాలంటే ఆ నాలుగైదు ఏళ్ళలో నాకు అంత హాయైన మధ్యాహ్నం ఇంకోటి లేదు. ఆవిడకి తెలీదు, నాకు తెలుసు. కాలవ దగ్గర మొదలుపెట్టి మోటారు, పైపు, రెండూళ్ళ ఎత్తుపల్లాలు, ఎత్తు ట్యాంకు, దానికి ఆఫీసు వాళ్ళు చెప్పే అభ్యంతరాలు, వాటికి జవాబులు, అంతా చెప్పాను. పొయ్యి మీద పప్పు మాడిపోయినా లేవలేదు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. నా మాటలన్నీ మొదట్నుంచి చివరిదాకా విన్న మనిషి, అన్నేళ్ళలో, ఆవిడొక్కతే.

తర్వాత ఇద్దరం కలిసి ఏలూరులో నీటి సరఫరా ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ ఆవిడ తడబడుతుంది, నేను అందుకోవాలని సిద్ధంగా కూర్చున్నాను. నేను అరగంట చెప్పింది ఆవిడ నాలుగు మాటల్లో చెప్పేసింది. ఒక్క విషయం వదల్లేదు. పక్క లంకని ముందు పెట్టింది, మా ఊరిని తర్వాత చెప్పింది. ఇంజనీరు గారు కలం కింద పెట్టి, "ఇప్పుడు అర్థమైందండి," అన్నారు. అక్కడ ఏ కెమెరా లేదు. అంతవరకూ నా కడుపుమంటంతా టీవీ మీదికి నెట్టేసి, ఆ పెట్టె లేకపోతే ఈవిడెవరు అనుకుంటూ వచ్చాను. ఆ రోజు ఆ ఆధారం కూడా పోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. నేను కిటికీలోంచి చెరువుల గట్లు చూస్తూ కూర్చున్నాను, కదిలితే లేస్తుందని కదలకుండా.

పెద్ద మోటారు వచ్చింది, ట్యాంకు లేచింది, రెండు లంకలకీ నీళ్ళు నడిచాయి. దానికి చాలాకాలం పట్టింది, ఎన్ని తిరుగుళ్ళో తిరిగాం. ప్రారంభానికి రమ్మని ఆవిడ ఆ విలేకరికే కబురు పెట్టింది. కుళాయిలో నీళ్ళొస్తుంటే చూపించడానికేముందండీ అన్నాడు. మళ్ళీ ఎన్నికల నాటికి పార్టీ ఆవిడకి టికెట్ ఇవ్వలేదు, చర్చా కార్యక్రమాల్లో బల్ల గుద్ది మాట్లాడతాడని పేరున్న ఇంకొకాయనకిచ్చింది. పోన్లెండి అక్కా, నీళ్ళొస్తున్నాయి కదా అంది. అంత తేలిగ్గా వదులుకోగలిగినందుకు కూడా నాకు ఆవిడ మీద కుళ్ళే కలిగింది.

మా ఆయన పోయాక నేను ఏలూరులో ఉంటున్నాను గానీ ఓటు లంకలోనే ఉంచుకున్నాను. కిందటేడు గ్రామసభకి వెళ్ళాను. గోనెసంచులు లేవు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, అందులో సగం ఖాళీ. వచ్చినవాళ్ళలో చాలామంది ఫోన్లు చేత్తో ఎత్తిపట్టుకుని అధికారి జవాబు రికార్డు చేస్తున్నారు గానీ, జవాబు వింటున్నట్టు లేదు. ఇవాళ ఎవరి నోరూ ఎవరూ మూయలేరు, ఆ మాట నిజమే. అప్పట్లో మాలాంటి వాళ్ళ కష్టం హైదరాబాదు దాకా వినబడాలంటే ఎంత పెనుగులాడామో నాకు తెలుసు. కానీ గేదెతో మొదలుపెట్టిన మనిషి కాలవ దాకా వస్తాడని నమ్మి కూర్చునే ఊరు ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలీదు.

మురుక్కాలవ గురించి నేనూ మాట్లాడదామని లేచాను. ఎగువన ఎందుకు పూడిందో, పక్క వీధికి నష్టం లేకుండా ఎలా తవ్వించవచ్చో వరసగా మనసులో పెట్టుకునే వెళ్ళాను. ముందు వరసలో ఒకమ్మాయి ఫోన్ నా వైపు తిప్పింది. ఎంత సిగ్గుచేటో చెప్పలేను, ఈ వయసులో నా చెయ్యి దానంతటదే జుట్టు సవరించుకుంది, పైట సర్దుకుంది. "ఈ వానలకి కాలవ పొంగితే మీ ఆఫీసరుగారి చేత ఆ వీధిలో ఒక్క రోజు కాపురం చేయించండి," అన్నాను. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. కూర్చున్నాను. చెప్పవలసింది ఇంకా చాలా ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ మళ్ళీ లేవలేదు.